పడగ్గది గోడకు చెమ్మ, కొత్త పెయింటు, పుస్తకాల అర: ఇద్దరమే చేసుకోవాలంటే ఏ పని ముందు?

జంటచేతులు
అందరికీ నమస్కారం. అడిగించుకోకుండా కొలతలు ముందే ఇస్తున్నాం. గది 12 × 10 అడుగులు, ఎత్తు 10. తలుపు 7 × 3, కిటికీ 4 × 4. పది అడుగుల గోడ ఒకటి బాత్రూమ్‌ను ఆనుకుని ఉంది. ఆ గోడకు కింద నుంచి రెండు అడుగుల దాకా పెయింటు పొక్కులు లేచి ఊడుతోంది, చేత్తో రాస్తే తెల్లటి పొడి అంటుతోంది. ఎదురు గోడకు ఆరు అడుగుల పుస్తకాల అర బిగించాలి. పనివాళ్లు లేరు, భార్యాభర్తలం ఇద్దరమే. డ్రిల్లు, నిచ్చెన ఉన్నాయి. ఏ పుట్టీ వాడాలి? పెయింటు ఎన్ని లీటర్లు పడుతుంది? అర ముందా, పెయింటు ముందా?

తాపీ_వాటం
పుట్టీ, పెయింటు కాసేపు పక్కన పెట్టండి. ఆ తెల్ల పొడి సున్నం కాదు, ఉప్పు. నీళ్లు గోడలోంచి బయటికి వస్తూ ఇటుకలోని, సిమెంటులోని లవణాలను మోసుకొస్తాయి. పైకి వచ్చాక నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. అది పెయింటు వెనక గడ్డకట్టి పెయింటును ముందుకు నెడుతుంది. పొక్కు లేచేది అందుకే. దాని మీద ఎంత ఖరీదైన పుట్టీ పెట్టినా ఇదే వరస.

ముందు ఒక పరీక్ష చేయండి. పొక్కులు గీకేసిన చోట ఒకటిన్నర అడుగుల చదరం పారదర్శక ప్లాస్టిక్ షీటు పెట్టి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. నీటి చుక్కలు షీటుకు లోపలివైపు, అంటే గోడ వైపు పడితే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. బయటివైపు పడితే గదిలో గాలి ఆడక పట్టిన తేమ. రెండూ పొడిగా ఉంటే పాత చెమ్మ ఆగిపోయిందని, ఉప్పు మాత్రమే మిగిలిందని అనుకోవచ్చు.

ఉప్పును తడిగుడ్డతో తుడవకండి. నీళ్లలో కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి చేటలోకి ఎత్తి పారేయాలి.

కొత్తడబ్బా
ఇంత తతంగం ఎందుకండీ? పడగ్గది వైపు వాటర్‌ప్రూఫ్ పెయింటు రెండు కోటింగులు కొట్టేస్తే సరిపోదా?

తాపీ_వాటం
సరిపోదు. నీళ్లు వచ్చేది వెనక నుంచి, మీరు మూత పెట్టేది ముందు నుంచి. వెనక ఒత్తిడికి ఆ పొర కూడా పొక్కుతుంది, లేదంటే చెమ్మ ఆ పొర పక్కకు మళ్లి ఇంకో అడుగు పైకెక్కుతుంది. రెండు అడుగుల మచ్చ మూడు అడుగులవుతుంది.

జంటచేతులు
షీటు పరీక్ష అయింది. చుక్కలు గోడ వైపే. మరి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పగలగొట్టకుండా తెలుసుకునే దారి ఉందా?

గొట్టాల_గోవిందం
ఉంది. అయితే అన్నీ ఒకేసారి చూస్తే ఏమీ తేలదు, ఒక్కొక్కటే చూడాలి.

మొదట నీళ్లు వచ్చే గొట్టం. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ఫ్లష్ ట్యాంకు నిండాక దాని వాల్వు కూడా మూసేసి మీటరు ముల్లు ఎక్కడుందో రాసుకోండి. రెండు గంటల తర్వాత ముల్లు కదిలిందంటే ఎక్కడో ఒత్తిడి ఉన్న గొట్టమే కారుతోంది. మీటరు లేకపోతే పై ట్యాంకులోకి నీళ్లు ఎక్కకుండా ఆపి, లోపల నీటిమట్టం దగ్గర గీత పెట్టినా అదే లెక్క. ఒత్తిడి గొట్టం కారితే బాత్రూమ్ వాడినా వాడకపోయినా చెమ్మ ఒకేలా ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోదగ్గ తేడా.

రెండోది నేల. జాలీ రంధ్రాన్ని గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ మూతతో గట్టిగా బిగించి, గడప దాటకుండా అంగుళం లోతు నీళ్లు నిలపండి. గోడ మీద పెన్సిల్‌తో నీటి గీత పెట్టి 24 గంటలు చూడండి. కాస్త ఆవిరైపోవడం మామూలే. గీత బాగా దిగి పడగ్గది మచ్చ ముదిరితే నేల టైళ్ల సందులో, నేలా గోడా కలిసే మూలో తప్పు. నీళ్లు నిలబెట్టినప్పుడు ఏమీ కాకుండా వదిలినప్పుడే మచ్చ తడిస్తే జాలీ కింది గొట్టం అతుకు.

మూడోది గోడ టైళ్లు. నేల తడవకుండా బకెట్టు పెట్టి, షవర్ నీళ్లు గోడ మీదికే పావుగంట కొట్టించండి. ఒకరు బాత్రూమ్‌లో, ఒకరు పడగ్గదిలో. పరీక్షకు పరీక్షకు మధ్య రెండు రోజుల విరామం ఇవ్వకపోతే ముందు పరీక్ష తడిని తర్వాతి దాని ఖాతాలో వేస్తారు.

గొట్టం తప్పయితే అది ప్లంబర్ పని. సందుల తప్పయితే మీ చేతుల్లో పనే.

జంటచేతులు
మీటరు కదల్లేదు. నేల మీద నీళ్లు నిలిపినప్పుడు మచ్చ చుట్టూ తడి అంచు రెండు అంగుళాలు పెరిగింది. నేలా గోడా కలిసే చోట గ్రౌట్ (టైళ్ల సందులు నింపే సిమెంటు ముద్ద) సన్నగా చీలి ఉంది, కొన్నిచోట్ల అసలు లేదు.

టైల్‌సందు
దొంగ దొరికాడు. నేలా గోడా కలిసే చోట సిమెంటు గ్రౌట్ ఉండనే కూడదు. రెండు తలాలు వేడికీ బరువుకీ వేరువేరుగా కదులుతాయి. గ్రౌట్ సాగదు కాబట్టి చీలుతుంది. అక్కడ ఉండాల్సింది సిలికాన్, అంటే ఆరాక రబ్బరులా సాగే జిగురు. టైలుకూ టైలుకూ మధ్య సందుల్లో గ్రౌట్, తలం మారే ప్రతి మూలలో సిలికాన్. ఈ ఒక్కటీ పాటిస్తే సగం బాత్రూమ్ గొడవలు రావు.

పని ఇలా. గ్రౌట్ రేక్‌తో (సందులు గీకే చేతి పనిముట్టుతో) పాత గ్రౌట్ గీకేయండి. పైపైన కాదు, టైలు మందంలో కనీసం మూడింట రెండు వంతుల లోతు దాకా. పైన అర మిల్లీమీటరు తీసి కొత్తది పూస్తే వారం తిరక్కుండా పెచ్చులుగా లేస్తుంది. రేక్‌ను టైలు అంచుకు కాకుండా సందు మధ్యలో నడపాలి, లేదంటే గ్లేజు చిట్లుతుంది. ఒకరు గీకుతుంటే రెండోవారు వాక్యూమ్ గొట్టం అక్కడే పట్టుకోవాలి. లేకపోతే రజను వెళ్లి తీసిన సందులోనే కూర్చుంటుంది.

తర్వాత రెండు మూడు రోజులు బాత్రూమ్ వాడకండి. తడి సందును మూస్తే నీళ్లను లోపల పెట్టి తాళం వేసినట్టే.

గ్రౌట్‌ను టూత్‌పేస్టు కన్నా కొంచెం గట్టిగా కలపండి. నీళ్లు ఎక్కువైతే ఎండేటప్పుడు కుంచించుకుపోయి సన్న పగుళ్లు వస్తాయి, రంగు కూడా చారలు చారలుగా వస్తుంది. కలిపి 5 నిమిషాలు వదిలి మళ్లీ కలపాలి. రబ్బరు ఫ్లోట్‌ను (పిడి ఉన్న రబ్బరు పలకను) సందుకు ఏటవాలుగా నొక్కుతూ నింపండి. సందు వెంబడే లాగితే అంచు లోపలికి దిగి నింపిన గ్రౌట్‌ను తోడేస్తుంది. పావుగంట తర్వాత గట్టిగా పిండిన స్పాంజితో తుడవాలి. స్పాంజిలోంచి నీటి చుక్క కారుతోందంటే ఇంకా పిండలేదన్నమాట. గ్రౌట్ చేసేవారు ఒకరు, స్పాంజి, రెండు బకెట్ల నీళ్లు చూసేవారు ఒకరు అయితే టైళ్ల మీద తెల్లటి పొర గట్టిపడదు.

24 గంటల తర్వాత మూలలకు సిలికాన్. పాత సిలికాన్ ఉంటే బ్లేడుతో ఆనవాలు లేకుండా తీయాలి, పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు. సందుకు రెండు వైపులా 4 మిల్లీమీటర్ల దూరంలో టేపు వేసి, నాజిల్‌ను సందు వెడల్పుకు సరిపడా ఏటవాలుగా కోసి, ఆగకుండా ఒకే వరసలో లాగండి. వెనకే రెండోవారు సబ్బునీటిలో ముంచిన వేలితో ఒకే ఊపులో నున్నగా చేసి వెంటనే టేపు లాగేయాలి. పది పదిహేను నిమిషాల్లో పైన చర్మం కడుతుంది. ఆ తర్వాత టేపు లాగితే అంచంతా పీచుపీచుగా లేస్తుంది. ఒక్కరే ఉంటే అటు మూల చేరేసరికి ఇటు మూల గట్టిపడుతుంది కాబట్టి ఇది అచ్చంగా ఇద్దరి పని. పూర్తిగా గట్టిపడటానికి కనీసం 24 గంటలు నీళ్లు తగలకూడదు.

గొట్టాల_గోవిందం
టైల్‌సందు గారు చెప్పిన పద్ధతి సరే, ఒక మాట కలపాలి. గ్రౌట్ వాటర్‌ప్రూఫ్ కాదు. సిమెంటు గ్రౌట్ నీళ్లు పీలుస్తుంది. అసలు కాపలా టైళ్ల కింద వేసిన వాటర్‌ప్రూఫ్ పొర. అది సరిగ్గా ఉంటే గ్రౌట్ చీలినా చెమ్మ పడగ్గదికి రాకూడదు. వచ్చిందంటే ఆ పొర లేదు, లేదా మూలలో తెగింది.

టైల్‌సందు
కాదనను. అందుకే మళ్లీ నీళ్లు నిలిపి 24 గంటల పరీక్ష చేయమంటాను. నిలబడితే టైళ్లు పీకాల్సిన అవసరం లేదు, ఏడాదికోసారి మూలలు చూసుకుంటే చాలు. నేల సందులకు ఎపాక్సీ గ్రౌట్ (సిమెంటుకు బదులు రెసిన్ జిగురుతో చేసింది) వాడితే పీల్చడం దాదాపు ఉండదు. కానీ అది కలిపాక త్వరగా బిగుస్తుంది, టైలు మీద ఎండితే వదిలించడం మహా కష్టం. మొదటిసారి చేసేవాళ్లు ఒకసారికి మూడు నాలుగు టైళ్ల మేరే కలుపుకోవాలి. పరీక్షలో మళ్లీ మచ్చ తడిస్తే ఇక మొహమాటం లేదు, నేల టైళ్లు లేపి పొర కొత్తగా వేయాల్సిందే. అది సెలవు రోజు పని కాదు.

జంటచేతులు
సరే, పరీక్ష నెగ్గిందనే అనుకుందాం. పడగ్గది గోడ మీద ఎప్పుడు చెయ్యి పెట్టొచ్చు?

తాపీ_వాటం
ఆ గోడ ప్లాస్టరింగ్ మచ్చ అంచు దాటి ఇంకో అడుగు పైదాకా కొట్టేయండి. ఉప్పు నిండిన ప్లాస్టరు చూడటానికి ఎండినా గాలిలో తేమ పెరిగినప్పుడల్లా మళ్లీ చెమ్మగిల్లుతుంది. మీ లెక్కన 10 అడుగులు × 3 అడుగులు, 30 చదరపు అడుగులు. కొట్టాక ఇటుక బయటపెట్టి వదిలేయాలి. మోటు లెక్క ఏమిటంటే, గోడ మందంలో అంగుళానికి నెల. ఫ్యాను ఆడించి, కిటికీ తెరిచి ఉంచితే ఎండడం కొంత తొందరపడుతుంది. లెక్కను నమ్మకండి, షీటు పరీక్షను నమ్మండి. చుక్కలు పడనప్పుడే కొత్త ప్లాస్టరు.

1కి 4 పాళ్లలో, 15 మిల్లీమీటర్ల మందానికి సుమారు 17 కిలోల సిమెంటు, 48 లీటర్ల ఇసుక పడుతుంది. అంటే 15 లీటర్ల బకెట్లు మూడు, పైన కాస్త. ఇటుక మీద నీళ్లు చల్లి, మెరుపు పోయాక కొట్టాలి. పొడి ఇటుక మాల్‌లోని (కలిపిన సిమెంటు, ఇసుక ముద్దలోని) నీళ్లు లాగేస్తే ప్లాస్టరు పట్టు లేకుండా బోలుగా ఉంటుంది, వేలి కణుపుతో తడితే డప్పులా మోగుతుంది. పాత ప్లాస్టరు, కొత్త ప్లాస్టరు కలిసే అంచును ఏటవాలుగా కాకుండా నిలువుగా కోసి ఉంచితే పల్చటి అంచు విరగదు. రోజుకు రెండు మూడు సార్లు చొప్పున 7 రోజులు తడపాలి. పెయింటుకు ముందు మొత్తం 28 రోజులు ఆగాలి. పచ్చి సిమెంటు క్షారం పెయింటును తినేస్తుంది.

కొత్తడబ్బా
అంతకాలం మంచం ఎక్కడ వేసుకుంటారండీ వీళ్లు :)

రోలర్‌వెనక
మిగతా మూడు గోడలు ఈలోగా చేసుకోవచ్చు కదా. అయితే ఆఖరి కోటింగు మాత్రం నాలుగు గోడలకూ ఒకేసారి వేయాలి, లేకపోతే రంగులో తేడా కనిపిస్తుంది.

పుట్టీబిళ్ల
పుట్టీ ఏదన్నారు కదా. రెండూ కావాలి. తెల్ల సిమెంటు పుట్టీ సిమెంటు మీదే పట్టుకుంటుంది. పాత పెయింటు మీద పెడితే రొట్టె మీది పిండిలా ఉండి, అట్టలు అట్టలుగా జారిపోతుంది. కాబట్టి కొత్త ప్లాస్టరు వేసిన 30 చదరపు అడుగులకు సిమెంటు పుట్టీ. పాత పెయింటు గట్టిగా పట్టుకున్న గోడలకు గుంటలు పూడ్చడానికి అక్రిలిక్ పుట్టీ, కింద ప్రైమరు వేశాక. ఇక్కడ చాలామంది ఒకే సంచి కొని అంతటా పెట్టేస్తారు.

సిమెంటు పుట్టీ కిలోకు 360 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లలో పొడి కొంచెం కొంచెంగా పోస్తూ పది నిమిషాలు కలపండి. పొడి మీద నీళ్లు పోస్తే అడుగున ఉండలు మిగులుతాయి. ఆ ఉండ పట్టీ (పుట్టీ పూసే రేకు) కిందికి వచ్చినప్పుడు గోడ పొడవునా గీత పడుతుంది, దాన్ని దిద్దబోతే ఇంకో రెండు పడతాయి. మీకు మూడు కిలోలు చాలు. కలిపింది రెండు మూడు గంటల్లో అయిపోవాలి, గట్టిపడ్డాక నీళ్లు పోసి మళ్లీ మెత్తబరచకూడదు.

గోడ తడిపి, పట్టీని కింద నుంచి పైకి లాగుతూ మొదటి కోటింగు. ఆరాక దాని మీద రెండోది, పక్కకు లాగుతూ. రెండూ కలిపి 1.5 మిల్లీమీటర్లు మించకూడదు. లోతు గుంట ఉంటే పుట్టీతో పూడ్చకండి, అది ప్లాస్టరు పని.

ఎమ్రీ పేపర్ ముందు 180 నంబరు, చివర 320 నంబరు. ఇదంతా చీకట్లో చేయాలి! తమాషాకు కాదు. గదిలో లైటు ఆపి, రెండోవారు టార్చిని గోడకు ఆనించి పక్క నుంచి వెలుగు పారించాలి. ఎదురు వెలుగులో కనిపించని గుంట, పట్టీ అంచు గీత, అన్నీ నీడలు పడి తేలతాయి. తేలిన చోట పెన్సిల్‌తో సున్నా చుట్టండి. పెన్నుతో వద్దు, సిరా పెయింటులోంచి పైకి ఊరుతుంది. ముక్కుకు N95 మాస్కు తప్పనిసరి. ఇల్లు బాగా పాతదైతే పాత పెయింటులో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా గీకకూడదు, తడిపి గీకాలి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

రోలర్‌వెనక
పెయింటు లెక్క. చుట్టుకొలత 44 అడుగులు, ఎత్తు 10: 440. తలుపు 21, కిటికీ 16 తీసేస్తే 403 చదరపు అడుగులు. ఒక కోటింగుకు లీటరు వంద చదరపు అడుగులని పెట్టుకుంటే రెండు కోటింగులకు 8 లీటర్లు. డబ్బా మీద ఇంకా ఎక్కువ అంకె ఉంటుంది, అది అద్దంలాంటి గోడకు. రెండు 4 లీటర్ల డబ్బాలైతే ముందే ఒక బకెట్టులో కలిపేసుకోండి. ఒకే రంగు నంబరైనా డబ్బాకీ డబ్బాకీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది, గోడ మధ్యలో డబ్బా మారిస్తే అది కనబడుతుంది.

ఇద్దరు ఉంటే దక్కే అసలు లాభం ఇక్కడే. ఒకరు రెండు అంగుళాల బ్రష్‌తో పైకప్పు అంచు, మూలలు, స్విచ్‌బోర్డు చుట్టూ గీస్తారు. రెండోవారు రోలర్‌తో వెనకే రావాలి. మధ్య దూరం నాలుగడుగులు మించకూడదు. అంచు గీసింది ఆరిపోయాక రోలర్ తగిలితే ఆ చోట రెండు పొరలై, గోడ చుట్టూ ఫోటో ఫ్రేము కట్టినట్టు ముదురు పట్టీ మిగులుతుంది. రెండో కోటింగు వేసినా పోదు. బ్రష్ మనిషికి చెయ్యి కుదరాలి, రోలర్ మనిషికి ఓపిక. పోట్లాడుకోకుండా గోడగోడకీ మార్చుకుంటే మాత్రం బ్రష్ గీతలు వేర్వేరుగా కనబడతాయి, కాబట్టి ఎవరి పని వారిదే.

రోలర్ నూగు 10 మిల్లీమీటర్లు చాలు. ట్రేలో రెండు మూడు సార్లు దొర్లించి, మూడడుగుల మేర ఏటవాలుగా పూసి, ఆరకముందే పై నుంచి కిందికి నొక్కకుండా ఒక్కో లాగు. ఫ్యాను ఆపండి. తడి అంచు ఆరిపోవడమే అన్ని చారలకూ కారణం. గోడ మధ్యలో ఆపకండి, ఆపితే మూలలోనే. రెండో కోటింగు 4 గంటల తర్వాత. టేపు పెయింటు పచ్చిగా ఉండగానే 45 డిగ్రీల కోణంలో వెనక్కి లాగండి.

జంటచేతులు
అర సంగతి ఇంకా మిగిలింది. పెయింటయ్యాక డ్రిల్ చేస్తే రజను పడుతుంది, ముందు చేస్తే పుట్టీలో రంధ్రాలు పూడుకుపోతాయి.

రసమట్టం
రెండు కోటింగుల మధ్య. మొదటి కోటింగు ఆరాక రంధ్రాలు వేసి ప్లగ్గులు (స్క్రూను గోడలో పట్టి ఉంచే ప్లాస్టిక్ ముక్కలు) కొట్టి, చుట్టూ పెచ్చు లేస్తే పుట్టీతో సరిచేసి, ఆఖరి కోటింగు. బ్రాకెట్లు దాని తర్వాత.

పుస్తకాలు అడుగుకు పది నుంచి పన్నెండు కిలోలు అనుకోండి. ఆరు అడుగులకు 60 నుంచి 70 కిలోలు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, నాలుగు బ్రాకెట్లు. అర ఎడమ చివర నుంచి 6, 26, 46, 66 అంగుళాల దగ్గర. పార్టికల్ బోర్డు వద్దు, ఏడాదిలో నడుం వంగుతుంది. బ్రాకెట్ పొడుగు కాలు గోడ వైపు ఉండాలి, అరకు కింద పొట్టి కాలు. తిరగేస్తే పై స్క్రూ మీద లాగుడు ఎక్కువై ఊడి వస్తుంది.

మట్టం చూడటానికి రెండడుగుల రసమట్టం ఆరడుగులకు సరిపోదు. మొదట అర మిల్లీమీటరు తేడా వస్తే చివరికి పెరుగుతుంది. నీళ్ల గొట్టం వాడండి. పది అడుగుల పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి, పట్టి చూస్తే ఎక్కడా గాలి బుడగ ఉండకూడదు. ఒక్క బుడగ ఉన్నా మట్టం అబద్ధం చెబుతుంది. నీళ్లలో చిటికెడు రంగు కలిపితే కళ్లకు శ్రమ తగ్గుతుంది. రెండు చివర్లూ బొటనవేళ్లతో మూసి నడవండి, గోడ దగ్గర ఇద్దరూ ఒకేసారి వేళ్లు తీయండి. నీళ్లు ఊగి ఆగేదాకా ఎవరూ గీత పెట్టొద్దు. గొట్టంలో నీటి ఉపరితలం గిన్నెలా వంగి ఉంటుంది, ఆ వంపు అడుగుకే ఇద్దరూ గీత పెట్టాలి. ఒకరు అడుగుకు, ఒకరు అంచుకు పెడితే మట్టం తప్పినట్టే.

డ్రిల్ చేసే ముందు స్విచ్‌బోర్డులు, లైటు పాయింట్లు చూసుకోండి. వాటికి నిట్టనిలువుగా పైన, కింద, అడ్డంగా పక్కన తీగలు ఉంటాయని అనుకోవాలి. ఆ గోడకు వెళ్లే కరెంటు ఆపేసి, డ్రిల్లుకు వేరే గది నుంచి కరెంటు తెచ్చుకోండి. టెస్టరును ముందు కరెంటు ఉన్న సాకెట్‌లో చూసుకుని ఆ తర్వాతే నమ్మండి.

8 మిల్లీమీటర్ల ప్లగ్గు, 8 మిల్లీమీటర్ల బిట్టు, 5 మిల్లీమీటర్ల స్క్రూ, 70 పొడవు. ప్లాస్టరు 15 మిల్లీమీటర్లు బరువు మోయదు. ప్లగ్గు మొత్తం ఇటుకలోకి దిగాలి, ప్లాస్టరులో ఆగకూడదు. రంధ్రం ప్లగ్గు పొడవు, ప్లాస్టరు మందం కలిపిన దాని కన్నా పది మిల్లీమీటర్లు లోతు, ఆ లోతుకు బిట్టు మీద టేపు చుట్టుకోండి. రెండోవారు వాక్యూమ్ గొట్టం రంధ్రం కింద పట్టాలి. లోపలి రజను ఊదేయకపోతే ప్లగ్గు పూర్తిగా దిగదు.

జంటచేతులు
ఒకవేళ ప్లగ్గు రంధ్రంలో తిరుగుతుంటే? అగ్గిపుల్లలు దూర్చి బిగించమంటున్నారు చాలామంది.

రసమట్టం
ఫోటో ఫ్రేముకు చెల్లుతుంది, 70 కిలోలకు చెల్లదు. పుల్లలు ఎండి చిక్కిపోతాయి. తిరుగుతోందంటే బిట్టు ఊగి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అయింది, లేదా ఇటుక మధ్య మాల్ సందులో పడింది. ప్లగ్గు లాగేసి 10 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం పెద్దది చేసి 10 ప్లగ్గు, దానికి తగ్గ 6 లేదా 7 మిల్లీమీటర్ల స్క్రూ. బ్రాకెట్ రంధ్రంలో ఆ స్క్రూ దూరుతుందో లేదో ముందే చూసుకోండి. మాల్ సందైతే పెద్దది చేసినా లాభం లేదు. బ్రాకెట్‌ను అంగుళం పక్కకు జరిపి గట్టి ఇటుకలో కొత్త రంధ్రం వేయండి, పాతది పుట్టీతో పూడ్చండి. మిగతా మూడు బ్రాకెట్లు కదపక్కర్లేదు. బ్రాకెట్ల మధ్య దూరం 21 అంగుళాలైనా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఆగుతుంది.